గల్లా బల్ల అద్దం కింద ఎర్ర గది

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దాటి నాలుగు అడుగులు వేస్తే మా నాన్న గుమాస్తాగా చేసిన బట్టల కొట్టు ఉండేది. కొట్టంటే ఇప్పటి షోరూముల్లాంటిది కాదు. మూడు మెట్లెక్కి, చెప్పులు కింద విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోవాలి. ఎదురుగా చెక్క అరలు, అరల నిండా తాన్లు. ఒక మూల గల్లా బల్ల, దాని మీద మందపాటి అద్దం. అద్దం కింద సింహాద్రి అప్పన్న పటం, లక్ష్మీదేవి పటం, ఏళ్ల కిందటి జేబు క్యాలెండరు, ఎవరెవరివో విజిటింగ్ కార్డులు. వాటి మధ్యలో ఒక రష్యా పోస్టుకార్డు.

ఆ కార్డు మీద ఒక ఎర్రటి గది. గోడ ఎరుపు, బల్ల మీద గుడ్డ కూడా అదే ఎరుపు. రెండింటి మీదా పాకిన నీలం తీగలు, పూలబుట్టలు. ఒకావిడ వంగి పళ్లు సర్దుతూ ఉంటుంది. కిటికీ బయట పచ్చటి తోట, తెల్లగా పూసిన చెట్లు. అప్పన్న పక్కన ఇదేటని ఎవరైనా అడిగితే షావుకారు గారు ఒకటే మాట చెప్పేవారు.

"మా కులపోడు కొన్న బొమ్మోయ్. బట్టల కులం."

అడిగినవాళ్లు నవ్వేసి జాకెట్టు ముక్కల బేరంలో పడిపోయేవారు. నాకు మాత్రం ఆ బట్టల కులపోడు ఎవరో పూర్తిగా తెలియడానికి పాతికేళ్లు పట్టింది.

1987. నేను తొమ్మిదో తరగతి. అప్పట్లో వైజాగ్‌లో ఏ ఇద్దరు కలిసినా మాట స్టీల్‌ప్లాంట్ మీదికే పోయేది. 1971లో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసి వెళ్లాక ఆ రాయి చాలా ఏళ్లు రాయిగానే ఉండిపోయింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయ్యాక కదలిక వచ్చింది. మా చిన్నప్పటికి ఉక్కునగరం నిండా రష్యా ఇంజనీర్లు, వాళ్ల కుటుంబాలు. వాళ్లలో ఉక్రెయిన్ వాళ్లున్నా, మరెవరున్నా మాకు అందరూ 'రష్యావోళ్లే'. ఆదివారాలు రామకృష్ణా బీచ్‌లో ఎండకి ఎర్రబడిపోయి కనబడేవారు. మనం నీడ కోసం వెతుక్కుంటుంటే వాళ్లు ఎండ కోసం వచ్చేవారు.

రష్యా మాకు అంతకు ముందే తెలుసు, కాగితంగా. మా బాబాయి పార్టీ మనిషి. విశాలాంధ్ర వ్యాన్ వచ్చినప్పుడల్లా రెండు పుస్తకాలు కొనకుండా ఇంటికి వచ్చేవాడు కాదు. 'సోవియట్ భూమి' పత్రిక ఇంటికి వచ్చేది. బాబాయి చదివేశాక ఆ నున్నటి కాగితాలు మా లెక్కల పుస్తకానికీ, సాంఘికశాస్త్రానికీ అట్టలుగా మారిపోయేవి. వర్షంలో తడిసినా ఓ పట్టాన చిరిగేది కాదు ఆ కాగితం. మా క్లాసులో సగం మంది పుస్తకాల మీద ట్రాక్టర్లూ, గోధుమ కంకులూ, నవ్వుతున్న ఆడ డ్రైవర్లూ ఉండేవారు.

ఆ రష్యావోళ్ల ఆడవాళ్లు నెలకోసారైనా ఊళ్లోకి బజారుకొచ్చేవారు. వాళ్లకి మన నూలు బట్ట అంటే ప్రాణం. వాయిల్, పాప్లిన్, పూల ప్రింట్లు, ఏవైనా మీటర్లకి మీటర్లు కోయించుకునేవారు. మా నాన్న వాళ్ల కోసం మూడు రష్యన్ మాటలు నేర్చుకున్నాడు. 'స్కోల్కో' అంటే ఎంత. 'హరషో' అంటే బాగుంది. మూడోది 'క్రాసీవా', అందంగా ఉంది అని. ఈ మూడు మాటలతో, ఒక కొలబద్దతో ఆయన సోవియట్ యూనియన్‌తో వ్యాపారం నడిపించేశాడు. తాను విప్పి గాల్లోకి విసిరి పరుపు మీద పరిచేటప్పుడు "క్రాసీవా!" అని అరిచేవాడు. వాళ్లు పకపకా నవ్వేవారు. ఇప్పుడనిపిస్తుంది, ఆయన ఉచ్చారణకే సగం సరుకు అమ్ముడుపోయి ఉంటుందని.

వాళ్లలో కళ్లద్దాల పెద్దావిడ ఒకరు ఉండేవారు. లెనిన్‌గ్రాడ్ మనిషి. ఆవిడ బట్టని చూసే తీరు వేరు. ముందు అంచు చూసేది, తర్వాత వెనక్కి తిప్పి రంగు అవతలికి ఎంత దిగిందో చూసేది, ఆ తర్వాతే ధర అడిగేది. "ఈవిడకి బట్ట తెలుసు" అని నాన్న ఆవిడకి కొలతలో ఒక బెత్తెడు ఎక్కువే కోసేవాడు. భర్త పని ముగిసి వెళ్లిపోయే ముందు ఆవిడ ఒక దుబాసీ గారిని వెంటబెట్టుకుని వచ్చి, షావుకారు గారికి ఒక అట్టపెట్టె ఇచ్చింది. అందులో పోస్టుకార్డుల సెట్టు. హెర్మిటేజ్ అనే మ్యూజియంలోని బొమ్మలట. ఆ రోజు దసరా సెలవులకి నేను కొట్లోనే ఉన్నాను, తాన్లు చుట్టే పనిలో.

షావుకారు గారు మర్యాదకి ఒక్కో కార్డూ తిప్పుతున్నారు. ముఖంలో ఏమీ లేదు. ఎర్ర గది కార్డు దగ్గర ఆగారు. నాన్నని పిలిచి చూపించారు. నాన్న వంగి చూసి వెంటనే అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"తాను ఒకటే బాబూ. గోడకీ బల్లకీ ఒకే తాను పరిచీసినాడు."

దుబాసీ గారు ఆ మాట ఆవిడకి చెప్పినట్టున్నారు. ఆవిడ కళ్లద్దాలు తీసేసి నాన్న వైపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత గబగబా ఏదో చెప్పింది. దుబాసీ గారు తెలుగులో చెప్పింది ఇంతే: ఈ బొమ్మ వేసినాయన ఫ్రాన్స్ దేశస్థుడు. కొన్నాయన మాస్కోలో బట్టల వర్తకుడు, మీలాగే. ఆయన కొన్నవే ఈ పెట్టెలో చాలా ఉన్నాయి. అప్పట్లో ఊరంతా ఆయన్ని పిచ్చోడన్నారు.

షావుకారు గారు కార్డు వెనక్కి తిప్పారు. రష్యన్‌లో, ఇంగ్లీషులో చిత్రకారుడి పేరుంది. మ్యూజియం పేరుంది. "మరి కొన్నవాడి పేరేదండీ?" అన్నారు. దుబాసీ గారు ఆవిడని అడిగి చెప్పారు: షూకిన్. ఆయన ఆ పేరుని తెలుగులో పెన్సిలుతో కార్డు వెనకాల రాయించుకుని, అప్పటికప్పుడు గల్లా బల్ల అద్దం ఎత్తించి కింద పెట్టారు. మిగతా పెట్టె నాన్నకి ఇచ్చేశారు, పిల్లలు చూసుకుంటారని.

ఆ పెట్టె మా ఇంట్లో ఒక గొడవ పెట్టింది. అందులో ఒక కార్డు మీద ఐదుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు. కొండ పచ్చన, ఆకాశం నీలం, మనుషులు ఇటుక ఎరుపు, ఒంటి మీద నూలుపోగు లేదు. అమ్మ ఆ కార్డు చూసి, "థింసా ఆడుతున్నట్టున్నారు, కోకలు కట్టుకుంటే బాగుణ్ణు" అని దాన్ని తీసి ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచేసింది. చెల్లెళ్లు చూడకూడదని. అరకు వైపు థింసా చూసినవాళ్లకి అమ్మ పోలిక అర్థమవుతుంది. ఆ గుండ్రం, ఆ ఊపు అచ్చం అదే.

బాబాయికీ షావుకారు గారికీ ఆ షూకిన్ గురించి ఒకసారి కొట్లోనే వాదన అయింది. బాబాయి ఎక్కడో తెలుసుకుని వచ్చాడు. విప్లవం తర్వాత ఆ బొమ్మలన్నీ జాతీయం చేస్తూ 1918లో లెనిన్ సంతకం పెట్టాడట. "దోచుకున్న సొమ్ము ప్రజలకి చేరిందండీ, అందులో తప్పేటుంది?" అన్నాడు. షావుకారు గారు పద్దు పుస్తకంలోంచి తలెత్తకుండా, "సరుకు పట్టుకుపోతే పోయారు గానీ, కొట్టు మీద బోర్డయినా ఉంచాలి కదోయ్" అన్నారు. బాబాయి దగ్గర దానికి జవాబు లేదు. లేదో, జవాబు చెబితే అన్నగారి ఉద్యోగానికి ఇబ్బంది అనుకున్నాడో.

ఆ తర్వాత నేను చదువు, ఉద్యోగం, పెళ్లి అనే మామూలు తోవలో పడ్డాను. షూకిన్ పేరు ఎక్కడ కనబడినా ఆగి చదవడం మాత్రం మానలేదు. లైబ్రరీల్లో పెద్ద పెద్ద ఆల్బమ్‌లు, ఆ తర్వాత ఇంటర్నెట్. ముక్కముక్కలుగా దొరికిన బట్టని కుట్టుకున్నట్టు ఆయన బతుకుని కుట్టుకున్నాను.

సెర్గేయ్ ఇవానొవిచ్ షూకిన్ 1854లో మాస్కోలో పుట్టాడు. రష్యన్‌లో 'షూకా' అంటే మంచినీటిలో ఉండే ఒక వేట చేప. ఇది తెలిసిన రోజు నాన్నకి చెబితే, "అయితే మన వలస జాలరోళ్లకీ చుట్టమే" అన్నాడు. వాళ్ల నాన్నది పెద్ద బట్టల వ్యాపారం, రష్యాలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. కొడుకుల్లో ఈయన చిన్నప్పుడు బక్కపలచన, పొట్టి, పైగా నత్తి. వ్యాపారానికి పనికిరాడనుకున్నవాడే చివరికి దాన్ని నడిపించాడు.

మన దగ్గర కళాపోషణ అంటే రాజులూ జమీందార్లే గుర్తొస్తారు. విజయనగరంలో గజపతులు సంగీత కళాశాల పెట్టారు, ఆస్థానంలో పండితుల్ని ఉంచుకున్నారు. బట్టల వ్యాపారం చేసుకునేవాడు గుళ్లో గంట కట్టించి ఉండొచ్చు, సత్రం వేయించి ఉండొచ్చు. జనం నవ్వే బొమ్మలు కొన్నవాడు ఎవరైనా ఉన్నారా అంటే నాకు ఒక్కరూ గుర్తు రారు. మాస్కోలో ఆ రోజుల్లో అది ఒక ఇంటి జబ్బులా ఉండేది. షూకిన్ అన్నదమ్ముల్లో ప్యోతర్ రష్యా పాత వస్తువులు పోగేశాడు. ద్మీత్రీ పాత యూరప్ చిత్రాలు కొన్నాడు. ఇంకో పెద్ద నూలు మిల్లుల ఇంటివాడు ఇవాన్ మొరోజోవ్ కూడా ఫ్రెంచి చిత్రాలు కొన్నాడు, కానీ ఆచితూచి. సెర్గేయ్ అలా కాదు. 1890ల చివర్లో మోనే బొమ్మలతో మొదలుపెట్టి, గోగాన్, సెజాన్, మా ఎర్ర గది వేసిన మాతీస్, పికాసో అంటూ ప్రతిసారీ ఊరు మెచ్చే దానికంటే రెండడుగులు ముందుకెళ్లి కొన్నాడు.

వ్యాపారంలో కూడా అంతే దూకుడు. 1905లో రష్యాలో సమ్మెలు, గొడవలు. మిగతా వర్తకులు భయపడి చేతిలో సరుకు వదిలించుకుంటుంటే ఈయన దొరికిన బట్టంతా కొనేశాడు. గొడవలు సద్దుమణిగాక ధర పెంచి అమ్మాడు. ఈ ముక్క చదివినప్పుడు నాకు బాబాయి గుర్తొచ్చాడు. ఆయన వాదన మరీ గాలి వాదన కాదు. ఆ ఎర్ర గదిలో ఆ ఏడాది లాభం కూడా ఎంతో కొంత ఉండే ఉంటుంది. ఎవరెవరి ఒంటి మీద గుడ్డ ఎంత ప్రియమైందో మనకి లెక్క దొరకదు.

ఆ లాభం వచ్చిన ఏడాదే ఇంట్లో చావులు మొదలయ్యాయి. 1905 చివర్లో పదిహేడేళ్ల చిన్నకొడుకు కనబడకుండా పోయాడు. నదిలో శవం దొరికింది మరుసటి ఏడాది మంచు కరిగాక. 1907 మొదట్లో భార్య లీదియా జబ్బు చేసి కొద్ది రోజుల్లోనే పోయింది. 1908లో పారిస్‌లో ఉంటున్న తమ్ముడు ఇవాన్ అప్పులపాలై ప్రాణం తీసుకున్నాడు. 1910లో మరో కొడుకు గ్రిగోరీ కూడా అలాగే. ఐదేళ్లలో నాలుగు చావులు. మధ్యలో ఆయన ఒంటె మీద సినాయ్ ఎడారి దాటి అక్కడి మఠానికి వెళ్లొచ్చాడు. తిరిగొచ్చి వ్యాపారం చేశాడు, బొమ్మలు కొన్నాడు.

మాతీస్ బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ ఏళ్లలో, ఆ తర్వాత కొన్నవే. ఎవరైనా ఏడుపు బొమ్మలు కొనుక్కుంటారనుకుంటాం. ఈయన ఎరుపు, పచ్చ, నీలం కొన్నాడు. ఎందుకని అడిగితే నేను చెప్పలేను. మా షావుకారు గారి పెద్దబ్బాయి స్కూటర్ యాక్సిడెంట్‌లో పోయినప్పుడు, దినాలు అయిన మర్నాడే ఆయన కొట్టుకొచ్చి నాన్నని పిలిచి, అరల్లో తాన్లన్నీ దించించి రంగుల వరసలో మళ్లీ పేర్పించారు. పసుపు పక్కన నారింజ, నారింజ పక్కన ఎరుపు. సాయంత్రం దాకా. ఒక్క మాట మాట్లాడలేదు. నాన్న ఆ సంగతి ఎప్పుడు చెప్పినా అక్కడితో ఆపేస్తాడు, నేనూ ఆపేస్తాను.

ఇక ఎర్ర గది సంగతి. షూకిన్ తన భోజనాల గది కోసం ఆ బొమ్మ తీసుకున్నాడు. అప్పటికి అది ఎరుపు కాదు, నీలం. 1908లో ఇంకా పంపకముందే మాతీస్‌కి ఏమనిపించిందో మొత్తం ఎరుపు చేసేశాడు. ఆలోచించండి, ఆర్డరిచ్చిన పరికిణీ నీలం, పార్సిల్ విప్పితే ఎరుపు. మా కొట్లో అయితే ఆ గుమాస్తా పని అయిపోయినట్టే. షూకిన్ గోడకి తగిలించుకున్నాడు.

దానికంటే నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. ఆ బొమ్మలోని నీలం తీగల డిజైను మాతీస్ ఊహించి వేసింది కాదు. నిజంగా ఒక బట్ట. పారిస్‌లో పాత సామాన్ల కొట్లో దొరికిన నూలు గుడ్డ, ఆయన దగ్గర జీవితాంతం ఉంది. చాలా బొమ్మల్లో అదే గుడ్డ మళ్లీ మళ్లీ వస్తుంది. మాతీస్ 1869లో పుట్టింది, పెరిగింది ఫ్రాన్స్ ఉత్తరాన బట్టలు నేసే ఊళ్లలో. పూర్వీకులు సాలెవాళ్లు. ఆయన చిన్నతనంలో ఊరంతా మగ్గాల చప్పుడే.

అంటే నేసేవాళ్ల ఇంటి పిల్లాడు గీశాడు, అమ్మేవాళ్ల ఇంటి పిల్లాడు కొన్నాడు. పారిస్‌లో పండితులు దూరం, లోతు, నీడ అంటూ వెతుక్కుని ఏమీ దొరక్క తిట్టారు. గోడ ఎక్కడ ఆగి బల్ల ఎక్కడ మొదలైందో తెలియదన్నారు. బట్ట పరిచి చూసే అలవాటున్న కళ్లకి అది అడ్డం కానే కాదు. కురుపాం మార్కెట్ పక్కన ఏడో తరగతితో చదువు ఆపేసిన మా నాన్నకి అర నిమిషం కూడా పట్టలేదు. షూకిన్‌కి డబ్బుండటం వల్ల ఆ బొమ్మలు కొన్నాడంటారు. డబ్బు మాస్కోలో చాలామంది దగ్గర ఉంది. బట్ట తెలిసిన కన్ను ఉండటం వల్ల కొన్నాడని నేనంటాను. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

అమ్మ చీర మడతల్లో దాచిన డాన్స్ బొమ్మ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. షూకిన్ తన ఇంటి మెట్ల దగ్గర పెట్టడానికి డాన్స్, సంగీతం అని రెండు పెద్ద చిత్రాలు మాతీస్‌కి ఆర్డరిచ్చాడు. 1910లో పారిస్ ప్రదర్శనలో పెడితే జనం ఎగతాళి చేశారు. షూకిన్ ఆ గోల చూశాడు. ఇంట్లో ఆయన పెంచుకుంటున్న ఆడపిల్లలున్నారు. మెట్లెక్కుతూ దిగుతూ నగ్నంగా ఉన్న మనుషుల్ని చూడాలా అని బెంగపడి వద్దని చెప్పేశాడు. రైలెక్కి మాస్కో వెళ్తూ దారి పొడుగునా తన పిరికితనానికి తానే సిగ్గుపడి, రెండూ పంపమని టెలిగ్రాం కొట్టాడు. వచ్చాక మాత్రం సంగీతం బొమ్మలో వేణువు ఊదే కుర్రాడికి చూడకూడని చోట కాస్త ఎర్ర రంగు పులిమించాడు. ఇది చదివి నేను ఆఫీసులోనే పైకి నవ్వేశాను. మాస్కో కోటీశ్వరుడూ మా అమ్మా ఒకే రకం టెన్షన్ పడ్డారు. అమ్మ అయితే ట్రంకు పెట్టెతో సరిపెట్టింది.

కొత్త బొమ్మ వస్తే ఆయన వెంటనే నలుగురికీ చూపించేవాడు కాదట. ముందు తన సొంత గదిలో పెట్టుకుని రోజూ చూసి, అలవాటయ్యాకే బయట తగిలించేవాడు. గోగాన్ బొమ్మ ఒకటి చూపిస్తూ, గీసినవాడూ పిచ్చివాడే, కొన్నవాడూ పిచ్చివాడే అని నత్తిగా నవ్వేవాడట. పికాసో బొమ్మ మొదటిసారి తెచ్చుకున్నప్పుడు నోట్లో గాజుపెంకులు నమిలినట్టుందన్నాడని చెబుతారు. అలాంటివి యాభై దాకా కొన్నాడు మరి. మాతీస్‌వి నలభై దాకా, గోగాన్‌వి పదహారు, మోనేవి పదమూడు.

నాన్నకి ఇది చెబితే ఆయనకి వింతగా అనిపించలేదు. సూరత్ నుంచి బేళ్లు వచ్చినప్పుడు విప్పగానే అందరూ ఎగబడ్డ డిజైను పండక్కి తర్వాత కట్‌పీసుల్లో పడేదట. "ఇదెవడు కొంటాడ్రా" అని అర కింద తోసేసిన తాను మూడు నెలలు కళ్ల ముందు నలిగి నలిగి, ఉన్నట్టుండి ఒక రోజు అమ్ముడుపోవడం మొదలుపెడితే ఆగేది కాదట.

1908 నుంచి షూకిన్ ఆదివారాలు తన ఇల్లు తెరిచిపెట్టాడు. క్రెమ్లిన్‌కి దగ్గర్లో ఉన్న పెద్ద మేడ అది. ఎవరైనా రావచ్చు. ఆయనే స్వయంగా తిప్పి, నత్తి నత్తిగా వివరించేవాడు. మలేవిచ్, తాత్లిన్ లాంటి కుర్ర చిత్రకారులు అక్కడికొచ్చి చూసి వెళ్లారు. పారిస్‌లోనే చాలామంది చూడని బొమ్మలు మాస్కో కుర్రాళ్లు వారం వారం చూశారు. 1911లో మాతీస్ కూడా మాస్కో వచ్చి, ఒక గదిలో తన బొమ్మలు ఏ వరసలో ఉండాలో తానే సర్ది తగిలించాడు.

అంతకు ముందే, భార్య పోయిన ఏడాదే, తన తర్వాత ఇదంతా మాస్కో నగరానికి చెందాలని ఆయన వీలునామా రాసి ఉన్నాడు. 1918లో లెనిన్ సంతకం పడింది. అంటే ఇస్తానన్నవాడి దగ్గర నుంచే లాక్కున్నారు. ఆ ఏడాదే ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. పారిస్‌లో ఉన్నాడు, 1936లో పోయాడు, అక్కడే మోమార్త్ శ్మశానంలో సమాధి. బతికుండగా నా బొమ్మలు నాకిచ్చేయండని కోర్టుకెక్కలేదు. ఆయన కూతురు మాత్రం 1954లో పారిస్‌కి సోవియట్ నుంచి పికాసో బొమ్మలు ప్రదర్శనకి వచ్చినప్పుడు దావా వేసింది. వాళ్లు బొమ్మలు మూటకట్టుకుని వెనక్కి తీసుకెళ్లిపోయారు.

బొమ్మలకీ కష్టాలు తప్పలేదు. మొదట్లో బాగానే చూసుకున్నారు. షూకిన్‌వీ మొరోజోవ్‌వీ కలిపి మాస్కోలో ఒక మ్యూజియం నడిపారు. 1948లో స్టాలిన్ దాన్ని మూసేయించాడు. ఇవి ప్రజలకి పనికిరాని బూర్జువా బొమ్మలని. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు బిందెలూ గంగాళాలూ పంచుకున్నట్టు మాస్కో పుష్కిన్ మ్యూజియం, లెనిన్‌గ్రాడ్ హెర్మిటేజ్ పంచుకున్నాయి. మరీ పెద్దవీ మరీ వింతవీ హెర్మిటేజ్ వాటాకి వెళ్లాయి. స్టాలిన్ పోయే దాకా చాలావరకు అటకెక్కే ఉన్నాయి. ఈ సంగతి బాబాయికి చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన లేడు. ఉండి ఉంటే ఒప్పుకునేవాడు కాదు గానీ, రాత్రంతా ఆలోచించేవాడు.

మా కొట్టు 1996లో మూసేశారు. జగదాంబ వైపు, డాబాగార్డెన్స్ వైపు అద్దాల షోరూములు వచ్చాయి. పరుపు మీద కూర్చుని తాను విప్పించుకునే ఓపిక ఎవరికీ లేదు. రష్యావోళ్లు కూడా ఎప్పుడో వెళ్లిపోయారు. వాళ్ల దేశమే లేదు. మిగిలింది బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్. అదీ సోవియట్‌లో తయారైనదే, టికెట్ కొనుక్కుని పిల్లల్ని తిప్పుకొస్తున్నాం.

సామాన్లు అమ్మేసేటప్పుడు అద్దం కింద కార్డు తీద్దామని చూస్తే రాలేదు. ఇన్నేళ్ల తేమకి బొమ్మ అద్దానికి అంటుకుపోయింది. షావుకారు గారు, "గుంటడా, ఇది మీ నాన్నదే. అద్దంతో పట్టుకెళిపో" అన్నారు. అంత బరువు అద్దం నేనూ నాన్నా రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాం. అప్పన్న పటం మాత్రం తేలిగ్గానే ఊడొచ్చింది. అది ఆయన ఉంచుకున్నారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీలు ఊడిపోయి లోపలంతా నీళ్లు. అట్టపెట్టెలో ఉన్న మిగతా కార్డులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా తయారయ్యాయి. విడదీయబోతే రంగులు ఊడి చేతికొచ్చాయి. బీరువా వెనక గోడకి చేరేసిన గల్లా బల్ల అద్దం మాత్రం చెక్కుచెదరలేదు. ఎర్ర గది ఎర్రగానే ఉంది. అమ్మ ట్రంకు పెట్టెలో డాన్స్ కార్డు కూడా పట్టుచీర మడతల్లో పొడిగా ఉంది. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.

రెండేళ్ల తర్వాత, 2016లో, పారిస్‌లో ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. షూకిన్ కొన్న బొమ్మల్లో నూటికి పైగా మళ్లీ ఒక చోటికి చేరాయి. పది లక్షల మందికి పైగా చూశారట. ఇంతకీ ఆ ప్రదర్శన షూకిన్ పేరు మీదే పెట్టారు. ఆ వార్త ప్రింట్ తీసి షావుకారు గారికి చూపిద్దామని వెళ్లాను. చిన్నబ్బాయి ఇంట్లో మంచం మీద ఉన్నారు, చెవులు వినబడవు, మనిషిని పోల్చుకోవడం కూడా కష్టమే. కాగితం మీద ఎర్ర గది బొమ్మ పెద్దది చేసి ప్రింట్ తీయించాను కాబట్టి దాన్ని కళ్ల దగ్గర పెట్టాను. చాలాసేపు చూశారు. "బోర్డు పెట్టారా?" అన్నారు. పెట్టారండీ అన్నాను.

ఇక ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. 2019 చలికాలంలో మా చెల్లెలి కూతురు పీటర్స్‌బర్గ్ (మా చిన్నప్పటి లెనిన్‌గ్రాడే) నుంచి వీడియో కాల్ చేసింది. అక్కడ మెడిసిన్ చదివేది. మామయ్యా, మీ ఎర్ర గది ఎదురుగా ఉన్నాను అంది. హెర్మిటేజ్ వాళ్లు ఎదురు భవనం పై అంతస్తులో ఈ బొమ్మలకి వేరే గదులు ఇచ్చారు. గదుల బయట షూకిన్ పేరు, మొరోజోవ్ అన్నదమ్ముల పేర్లు ఉన్నాయని ఫోన్ తిప్పి చూపించింది. డాన్స్ బొమ్మ దాని గోడ నిండా ఉంది, ముందు నిలబడ్డ మనుషులు దానిలో మోకాళ్ల దాకా కూడా రావట్లేదనిపించింది.

నాన్నకి అప్పుడు ఎనభై ఒకటి. ఆయన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, పక్కన బల్ల మీద పాత అద్దం పెట్టాను. ఆయన ఫోన్‌లో ఎర్ర గదినీ, అద్దంలో ఎర్ర గదినీ మార్చి మార్చి చూశాడు. కార్డులో ఎరుపు కాస్త గోధుమ వైపు తిరిగింది, అసలుది ఇంకా పండు మిరపకాయలా ఉంది.

"రంగు దిగలేదు" అన్నాడు. తర్వాత, "ఎంతుంటాదే కొలత?" అని మనవరాలిని అడిగాడు.

అది పక్కనున్న చీటీ కాసేపు చూసి, తర్వాత ఫోన్‌లోనే వెతికి చెప్పింది. ఎత్తు మీటరు ఎనభై, వెడల్పు రెండు మీటర్ల ఇరవై, కొంచెం అటూ ఇటూ తాతయ్యా అని. నాన్న కుడిచేతి వేళ్లు ఒళ్లో కొలబద్ద మీద జరుగుతున్నట్టు కదిలాయి. పెదాల మీద ఏదో లెక్క.

"ముప్ఫయ్యారు అంగుళాల పన్నా అయితే ఎత్తుకే రెండు పన్నాలు కావాలి" అన్నాడు. పన్నా అంటే బట్ట వెడల్పు. "ఒకసారి దగ్గరికెళ్లి చూడమ్మా. అతుకు ఎక్కడేసినాడో."

"దగ్గరికి రానివ్వరు తాతయ్యా, ఇక్కడో ఆవిడ కుర్చీ వేసుకుని కాపలా ఉంది."

"ఆవిణ్ణే అడుగు" అన్నాడు నాన్న. "క్రాసీవా అని మొదలెట్టు, చెప్తాది."